జైనబీ ఏటి పేరు మార్పు

బుధవారం, ప్రొద్దుటూరు.

మేము నలుగురు రచయితలం కలిసి రాస్తున్న నవలలోని కల్పిత రాజ్యానికి పటం గీసినవాడు బోర్డుల పెయింటర్ మస్తాన్. అందులోని ఊళ్లూ కొండలూ అతడి ఊహలే. నవల అట్టపై తన పేరు కూడా వేయమని నేడు విన్నవించుకున్నాడు. చిత్రకారునికి హక్కు లేదని మా రచయితల సంఘం కార్యదర్శి హోదాలో తెలియజేశాను.

"నా పేరు వద్దులేప్పా. చచ్చిపోయిన నా బిడ్డ పేరు పటంలో ఆ యేటికి పెట్టుకున్నా, జైనబీ ఏరని. అదొక్కటి ఉండనీ."

"ఈపొద్దు ఏరంటావు, రేపు రాజ్యమంతా నాదే అంటావు మస్తానూ!"

నా మాటకు సభ్యులు నవ్వారు. ఏటి పేరు మార్చాలనే తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించాము. దస్తూరీ బాగున్నది అతడికే కనుక, ఆ పేరు చెరిపి కొత్తది రాసే పని అతడికే అప్పగించాము. పొందికగా రాసి, పటం అధ్యక్షుల వారికిచ్చి వెళ్లాడు.

ఇప్పుడు నా అధ్యాయంలో నాయకుడు ఆ ఏరు దాటాలి. కొత్త పేరు ఎంతకూ జ్ఞాపకం రావడం లేదు. తీర్మానించిన పేరే మరిచానని అధ్యక్షుల వారికి చెప్పుకోలేను; మస్తాన్‌ను అడగడం సంఘ మర్యాద కాదు.