నర్సింగం పేరున బియ్యం

గోదావరిఖని,
12 సెప్టెంబర్ 2025, శుక్రవారం.

చిన్నత్త లస్మవ్వ గారికి,

మీరు ఎన్నడూ చూడని కోడలు తిరుమల మీ పాదాలకు, చిన్నమామ సాయిలు గారి పాదాలకు మొక్కి రాస్తున్నది. మీరంతా గోలేటిలో చల్లగా ఉన్నారని మా చిన్నాయన కొడుకు, తమ్ముడు అంజి చెప్పాడు. ఇక్కడ మేమూ అట్లాగే ఉన్నామని రాద్దామనుకున్నాను. రాస్తే అబద్ధమవుతుంది.

ఈ ఉత్తరం మీ కోడలితో చదివించుకోండి. తలుపు దగ్గరికి వేసుకొని చదవమనండి. నేను ఐదో తరగతి దాకే చదివాను, తప్పులుంటే ఆమె సర్దుకుంటుంది. ఫోను చేయొచ్చు కదా అంటారేమో. కొత్తవాళ్లతో ఫోనులో మాట్లాడటం నాకు చేతకాదు. పైగా మా క్వార్టర్లలో గోడకు ఇవతల మాట్లాడితే అవతలి ఇంటివాళ్లు జవాబు చెబుతారు. అందుకే అంజి చేతికి ఇచ్చి పంపుతున్నాను.

పోయిన నెల ఉల్లిగడ్డల ఆటోతో వచ్చి మీ ఇంటి ముందు మంచినీళ్లు అడిగింది వాడే. ఊరికే అడిగినట్టు చిన్నమామ గురించి, ఆయన అన్న గురించి అడిగాడు. మీరు చెంబు అందుకుంటూ, "మా బావ గోదాట్ల కొట్టుకవోయిండు బిడ్డా. పీనుగ సుత దొరకలె. ఆయన ఉంటే మా ఇల్లు గిట్లుండునా" అన్నారట. పెద్దలకు పెట్టే ప్రతి పెత్రమాస అమావాస్యకు మీ అత్తమామల పేర్లతో పాటు ఆయన పేరున కూడా చిన్నమామ బియ్యం ఇస్తాడని చెప్పారట. అంజి బండెక్కి వచ్చేశాడు. అక్కడే చెప్పలేకపోయావా అంటే, "గంత పెద్ద మాట రోడ్డు మీద నిలవడి ఎట్ల జెప్పాలె అక్కా, నువ్వే రాయి" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. చిన్నత్తా, మీ బావ గోదావరిలో పోలేదు. బతికే ఉన్నాడు. మా ఇంట్లో, వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. ఆయన నా మామ, నా భర్త వీరేందర్ తండ్రి.

ఇక్కడ అందరూ ఆయనను రాయమల్లు అంటారు. పోయినేడు పెత్రమాస నాడు నా భర్త చాటలో బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క పెట్టుకొని పోయి, మా అత్త బతికుండగా నేర్పిన పేర్లు అయ్యగారికి చెప్పి ఇచ్చివచ్చాడు. తాత ఓదెలు, అవ్వ పోశవ్వ. ఆ రోజు మామ అన్నం ముట్టలేదు. ప్రతి ఏడూ ఆ రోజు అంతే, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. నేను పళ్లెం పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. అప్పుడు, "వాళ్లు నా పెద్దలు గాదు బిడ్డా. గిన్నేండ్ల సంది పరాయోళ్ల అవ్వయ్యలకు పెట్టిన. మా అయ్య బక్కయ్య, మా అవ్వ మల్లక్క ఏ తొవ్వల ఆకలితోని నిలవడ్డరో" అన్నాడు.

ఆ తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఇంట్లో చెప్పకుండా, వేరే ఊరి దోస్తుతో కలిసి పని వెతుక్కుంటూ నది దాటి ఇక్కడికి వచ్చాడట. బొగ్గు గనిలో, అదే బాయిలో పనికి దోస్తు రాయమల్లు పేరు వచ్చింది, మామ పేరు రాలేదు. మొదటి రోజు బొగ్గు బాయిలోకి దిగి వచ్చిన దోస్తు, "సచ్చినా మల్ల దిగ. నా పేరు నువ్వే తీస్కో" అని తన ఊరికి పోయాడట. తెల్లారి ఆ పేరు పిలిస్తే మామ పలికాడు. అప్పటి నుంచి పలుకుతూనే ఉన్నాడు. ఊరికి పోతే ఎవరైనా అసలు పేరు పట్టి పిలుస్తారేమో, ఆ మాట పాకి బాయి దాకా వస్తుందేమో అని ముందు పోలేదు. తండ్రి చనిపోయిన ఏడాదికి ఆ సంగతి తెలిసింది. ఇక ఏ ముఖం పెట్టుకొని పోవాలని పోలేదు. మా అత్తకు కూడా చెప్పలేదు.

చిన్నమామకు ఈ మాట వింటే కోపం వస్తుంది. రావాలి కూడా. అన్న కోసం నది ఒడ్డున ఎన్ని రోజులు తిరిగాడో అంజికి మీరే చెప్పారు కదా. కానీ కోపం తీరేదాకా మామ ఆగేటట్టు లేడు. దమ్ము, ఆయాసం ఎక్కువైంది. దవాఖాన నుంచి ఇంటికి తీసుకుపోండి, మనసుకు నచ్చినట్టు చూసుకోండి అన్నారు. వాళ్లు అంతకంటే విడమర్చి చెప్పలేదు. మేమూ అడగలేదు.

తల్లిదండ్రుల పేరున చిన్నమామ బియ్యం ఇస్తున్నాడని చెప్పినప్పుడు మామ కండువాతో ముఖం కప్పుకున్నాడు. "మా సాయిలు మరువలే" అన్నాడు. ఆయన పేరున కూడా ఇస్తున్నారన్నది నేను చెప్పలేదు.

ఆయనకు ఉన్న ఆశ ఒక్కటే. "పోయే ముందల ఒక్కపారి నా పేరు పెట్టి పిలిచేటోడు గావాలె బిడ్డా" అంటాడు. ఈ ఊళ్లో ఆ పేరు నాకూ నా భర్తకూ తప్ప ఎవరికీ తెలియదు. కోడలు మామను పేరు పెట్టి ఎట్లా పిలుస్తుంది? కొడుకు తండ్రిని ఎట్లా పిలుస్తాడు? నర్సింగం అని కాగితం మీద రాయడానికే ఇప్పుడు తల మీద కొంగు కప్పుకున్నాను.

నా భర్త చెడ్డవాడు కాదు. ఆయన ఉద్యోగం మామ పేరు మీద, అంటే రాయమల్లు కొడుకుగా వచ్చింది. సంగతి తెలిసిన రోజు మంచం పక్కనే నిలబడి, "బాపూ, నీ పేరు నీకు యాదికొచ్చింది మంచిదే. రేపు నా డ్యూటీ వోతే గా పేరు వండుకొని తింటమా?" అన్నాడు. మామ నవ్వబోయి దగ్గాడు. నా భర్త అక్కడే కూర్చొని వీపు రాశాడు. బయటికి వచ్చాక, "నువ్వు ఎవ్వలకన్న చెప్పినవో, చూడు" అని నాకు వేలు చూపించాడు. అంజికి తప్ప ఎవరికీ చెప్పలేదు; ఇప్పుడు ఆ వేలు దాటి మీకు రాస్తున్నాను.

ఈ ఆదివారం కాక పై ఆదివారం పెత్రమాస. దానికి ముందే మీరిద్దరూ రండి. వాడకట్టులో ఎవరైనా అడిగితే మా తల్లిగారి తరఫు చుట్టాలమని చెప్పండి. లోపలికి వచ్చాక తలుపు నేను వేస్తాను. చిన్నమామ ఆయన చెవి దగ్గర, మెల్లగా అయినా సరే, పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే చాలు. మా ఆయనకు ఆ రోజు నేనే చెబుతాను. ఏమన్నా నేనే పడతాను. కానీ బయట మాత్రం ఆ పేరు అనకండి. మా పొయ్యి దాని మీదే వెలుగుతోంది.

ఇంకొకటి. ఈ పెత్రమాసకు ఆయన పేరున బియ్యం ఇవ్వకండి. మనిషి ఊపిరి కోసం కొట్లాడుతుంటే ఆ పేరు అయ్యగారి నోట చచ్చినవాళ్లలో పలకడం తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

మీ కోడలిని అడిగానని చెప్పండి. రాలేకపోయినా నన్ను తిట్టుకోకండి. ఉత్తరం మాత్రం చదవగానే పొయ్యిలో వెయ్యండి.

మీ రాక కోసం ఎదురు చూసే
మీ కోడలు,
తిరుమల

తా.క.: అంజి బండి తీసేలోపు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పైన ఒకటి దాచాను. భయపడి పేరు ఇచ్చిపోయిన ఆ దోస్తు రాయమల్లు మా అమ్మను కన్న తండ్రి, మా తాత. పెళ్లయి వచ్చిన మొదటి పెత్రమాసకే ఓదెలు, పోశవ్వ అని మా అత్త చెబుతుంటే విని చాట పట్టుకున్న నా చేతులు ఆగిపోయాయి. మా తాతను కన్న తల్లిదండ్రుల పేర్లవి. అంత మంచి డ్యూటీ ఉన్న కొడుక్కి, కట్నం ఏమీ అడగకుండా, చదువులేని నన్ను మామ ఎందుకు వెతుక్కుంటూ వచ్చాడో ఆ రోజు తెలిసింది, తాత ఇచ్చిన పేరుకు బదులని. మామ ఆ మాట నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మా తాత పోయి చాలా ఏళ్లయింది. ఆయనకు మా అమ్మ ఒక్కతే, కొడుకులు లేరు. ఆయన పేరున పిడికెడు బియ్యం ఇచ్చే చెయ్యి లేదు. మా ఇంట్లో ఇద్దామంటే, ఇక్కడ రాయమల్లు బతికి ఉన్నాడు. అందుకని చిన్నత్తా, మీ చాటలో నర్సింగం పేరున తీసే బియ్యం ఆపకండి. ఈ ఏడు వాటిని రాయమల్లు పేరున ఇవ్వమని చిన్నమామకు చెప్పండి.