ఆడనన్న పిల్లకు ఆగని స్కాలర్‌షిప్

బ్రాంప్టన్, కెనడా

చిరంజీవి శ్రీనుకు అక్క ఆశీస్సులు.

దేవుడి దయవల్ల ఇక్కడ మేం బాగున్నాం. నువ్వు, లత, పిల్లలు కులాసా అని తలుస్తాను. పెద్దమ్మకు దగ్గు తగ్గిందా? మంచు మమ్మల్ని ఇంకా వదల్లేదు. గోదాములో నా పని మామూలే. లత పంపిన చింతకాయ తొక్కు అయిపోవచ్చింది. ఎవరైనా వస్తుంటే కొంచెం పంపమను.

పోయిన నెల ఫోన్‌లో నవ్వావు. "ఆడకుంటనే పైసలా అక్కా? బడిల నేను పిల్లలతోని ఆటలాడించకపోతే మా హెడ్‌మాస్టర్ ఊకుంటడా?" అన్నావు. దానికి జవాబు ఈ ఉత్తరంలో రాస్తున్నాను. మా స్రవంతి స్కాలర్‌షిప్ నిలబడింది.

మొదటి నుంచి చెబుతాను. అది చదివే యూనివర్సిటీ ఇక్కడికి రెండు గంటల దూరం. అక్కడి వాలీబాల్ జట్టులో ఆడుతున్నందుకే దాని ఫీజులో సగం యూనివర్సిటీ భరిస్తోంది. ఆ మధ్య ప్రాక్టీసులో బంతి దాని తలకు బలంగా తగిలింది. రెండు వారాల విశ్రాంతి తర్వాత ఇక ఆడవచ్చని జట్టు డాక్టరు రాసిచ్చాడు. ఇది మాత్రం ఆడనంది. పెద్ద మ్యాచ్‌లు దగ్గర పడ్డాయి. ఆడకుండా కూర్చోవడం దాని సొంత ఇష్టమే కనుక స్కాలర్‌షిప్ ఆపాలని కోచ్ యూనివర్సిటీ కమిటీకి రాసింది.

నిజానికి నేనూ కోచ్ వైపే ఉన్నాను. చేయని పనికి ప్రతిఫలం ముట్టవద్దని అమ్మ మనకు నేర్పింది కదా. "ఆ డబ్బు వద్దని చెప్పేద్దాం బిడ్డా, నేను ఇంకో షిఫ్టు చేస్తాను" అన్నాను.

"నేను లేజీ కాదమ్మా. సమ్‌థింగ్ ఈజ్ ఆఫ్, తలలో ఏదో తేడాగా ఉంది. ఎవరూ బిలీవ్ చేయట్లేదు, నువ్వు కూడా" అని ఫోన్ పెట్టేసింది.

అయినా మర్నాడు ఉదయం మామూలుగానే ఫోన్ చేసింది. రోజూ ఫోన్‌లో ఇద్దరం కలిసి స్తోత్రం చదువుకుంటాం. ఐదేళ్ల వయసు నుంచి దానికది నోటికి వచ్చు. ఆ రోజు నడుమ ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి అక్కడే ఆగింది. దెబ్బ తగిలిన నాటి నుంచీ ఆ చోట మాట అందిస్తున్నది నేనేనని అప్పుడు తట్టింది. పిల్లకు ధ్యాస లేదని లోలోపల విసుక్కున్నాను కూడా. దేవుడు రోజూ చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు.

కమిటీ ముందుకు మీ బావ, నేను దానితో వెళ్లాం. నేను ప్రసాదం డబ్బా తీసి అధ్యక్షురాలి ముందు పెట్టాను.

"సారీ, నిర్ణయానికి ముందు మేమేమీ తీసుకోకూడదు" అందావిడ.

మీ బావ నా చెవిలో, "లంచమియ్యవట్టిందని రాసుకుంటరు. లోపల పెట్టు" అన్నారు. పెట్టేశాను.

నా ఇంగ్లీషు నీకు తెలుసు. నాలుగు ముక్కలే చెప్పాను. "డాక్టరు దీన్ని చూసింది రెండుసార్లు. నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఈ పిల్ల ఆ స్తోత్రంలో ఎన్నడూ ఆగలేదు. ఇప్పుడు రోజూ ఆగుతోంది."

కోచ్ కాగితాల మీంచి కళ్లెత్తి స్రవంతి వైపు చూసింది.

బయటి డాక్టరు చేత మళ్లీ పరీక్ష చేయించారు. తల ఇంకా కుదుటపడలేదని, ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు అయ్యేదని ఆమె రాసింది. కమిటీ స్కాలర్‌షిప్ కొనసాగించింది. అంతటితో ఆగలేదు. ఒంట్లో బాగాలేదని కూర్చున్న పిల్లలెవరికీ ఆ ఏడాది స్కాలర్‌షిప్ ఆపకూడదని నిబంధన కూడా పెట్టింది. అక్కడే దేవుడికి దండం పెట్టుకున్నాను.

నువ్వడిగినదానికి నా జవాబు ఇది శ్రీనూ. ఆ నిబంధన నోటీసు బోర్డులో అంటించిన మర్నాడే జట్టులో ఇంకో అమ్మాయి కోచ్ దగ్గరికి వెళ్లిందట. స్కాలర్‌షిప్ పోతుందన్న భయంతో మోకాలి నొప్పి రెండు నెలలుగా దాచిపెట్టి ఆడుతున్నానని చెప్పిందట. కోచ్ స్వయంగా ఆ పిల్లను తీసుకొచ్చి, బెంచీ మీద స్రవంతి పక్కన కూర్చోబెట్టింది.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. ఆ ఇద్దరు పిల్లలనూ దీవించమను. లతకు, పిల్లలకు నా ప్రేమ.

ఇట్లు
మీ మేలు కోరే అక్క
సుజాత