యల్లమంద స్వభావం

నరసరావుపేట,
ఆగస్టు 11

ప్రియమైన రేవతీ,

నిన్న ఫోన్లో నేను మాట పూర్తి చేయకముందే "ఇందులో నీ తప్పేముంది" అన్నావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇక్కడైతే చివరిదాకా వింటావు.

పిడుగురాళ్ల సున్నం ఫ్యాక్టరీలో మే నెలలో నేను ఇచ్చిన రెండు రోజుల శిక్షణ నీకు గుర్తుండే ఉంటుంది. మన కంపెనీ వెబ్‌సైట్‌లో ఫోటో కూడా పెట్టావు. బట్టీల మీద పనిచేసేవాళ్లు, మెయింటెనెన్స్ వాళ్లు కలిపి పద్దెనిమిది మంది. నువ్వు నేర్పినట్టే నలభై ప్రశ్నల కాగితం నింపించి, ఎవరిది ఏ స్వభావమో చెప్పి, హెల్మెట్లకు రంగు స్టిక్కర్లు అంటించాను. చకచకా తేల్చేసేవాళ్లు ఎరుపు, నవ్వుతూ నవ్విస్తూ ఉండేవాళ్లు పసుపు, సర్దుకుపోయేవాళ్లు ఆకుపచ్చ, ఒకటికి పదిసార్లు చూసుకుని అనుమానపడేవాళ్లు నీలం. సూపర్‌వైజర్ పున్నారావు గారు ఎరుపు. ఫిట్టర్ యల్లమంద నీలం. రెండేళ్లుగా వాళ్లిద్దరికీ పడటం లేదని, వాళ్లను కలిపితే చాలని మేనేజరు నాకు ముందే చెప్పాడు.

రెండో రోజు మధ్యాహ్నం "మీ తోటివాళ్ల నుంచి మీకేం కావాలో ఒక్కటి అడగండి" అన్నాను. యల్లమంద లేచాడు. దుర్గి అనే ఊరి మనిషి, యాభైకి దగ్గర్లో ఉంటాడు. చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడతాడు.

"మూడో బట్టీ పైన రాయి పోసే ప్లాట్‌ఫాం ఉంది గదా మేడమ్. దాని కింద ఇనుము తుప్పుపట్టి పొరలు లేస్తంది. ఆర్నెల్ల నుంచి చెప్తన్నా. బట్టీ ఆపితే రెండ్రోజుల పని. అది ఆపమంటన్నా, అంతే."

పున్నారావు గారు నా వైపు తిరిగి, "రోజూ ఇదేనమ్మా. ఏదో ఒకటి కూలుద్దంటానే ఉంటాడు" అన్నారు.

రేవతీ, ఆ ప్లాట్‌ఫాం ఎక్కడుందని నేను అడగలేదు. తలుపు తీస్తే కనపడేంత దూరంలో ఉంది. నేను నవ్వాను. "చూశారా, ఇద్దరూ వాళ్ల రంగుల్లోనే ఎంత చక్కగా మాట్లాడారో" అన్నాను. గది గదంతా చప్పట్లు కొట్టింది. తర్వాత యల్లమందతో మెల్లగా చెప్పాను: "ప్రమాదం పెద్దదిగా కనపడటం మీ స్వభావం. మాట బయటికి అనేముందు ఒక్క క్షణం ఆగి, ఇది నిజంగా ఉందా, నా స్వభావం చూపిస్తోందా అని మిమ్మల్ని మీరే అడుక్కోండి." ఆయన హెల్మెట్ మీది నీలం స్టిక్కరు తడిమి చూసుకుని "అట్టనే మేడమ్" అన్నాడు. ఇద్దరి చేతులూ కలిపించాను. నువ్వు పెట్టిన ఫోటో అదే.

జులై 29 ఉదయం ఆ ప్లాట్‌ఫాం విరిగిపడింది. దాని మీద సాంబశివరావు ఉన్నాడు. శిక్షణలో అందరికంటే ఎక్కువ నవ్వించిన మనిషి. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు.

శిక్షణ తర్వాత కూడా యల్లమంద చెప్పీ చెప్పీ అలిసిపోయి ఉంటాడు, పున్నారావు గారు విని ఉండరు. రేపు వెళ్లి యల్లమందను కలుస్తాను. తిడితే పడతాను.

నీ
నాజియా

* * *

నరసరావుపేట,
ఆగస్టు 14

రేవతీ,

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ కొట్టు దగ్గర కలిశాడు. బల్ల మీద సున్నం దుమ్ము తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. "మీ మాట ఎవరూ వినలేదు కదా" అన్నాను, నేనూ వినలేదన్న సంగతి దాచుకుంటూ.

"చెప్తే గదా మేడమ్ వినటానికి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే నెమ్మదిగా చెప్పాడు. "జూన్లో ఇంకోసారి పైకెక్కి చూశా. పట్టుకుంటే ఇనుము పెళ్లలు పెళ్లలుగా చేతికొచ్చింది. చెబుదామని ఆఫీసు దాకా పొయ్యా. మెట్ల మీద ఆగా. మీరన్నారు గదా, ఆగి అడుక్కోమని. అడుక్కున్నా. ఇన్నాళ్ల నుంచి కూలుద్దంటన్నా, కూలలా. ఇది నా గుణమేలే అనుకుని వెనక్కొచ్చా."

"మళ్లీ వెళ్లలేదా?"

"పోలా. ఆ నెలంతా మనసు చానా తేలిగ్గా ఉండింది మేడమ్. పున్నారావు గూడా బాగా మాట్లాడేవాడు. కలిసి టీ తాగేవోళ్లం. మా ఇంటిది గూడా అన్నది, ఈమధ్య బాగా నిద్రపోతన్నావు, మనిషివి మారావని."

అది చెబుతూ ఆయన నన్ను నిందించడం లేదు. మంచి మందు వాడిన మనిషి వైద్యుడితో చెప్పినట్టు చెప్పాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి అడిగాడు: "ఇనుము చేతికొచ్చింది మేడమ్. దాన్ని గూడా గుణమే అనుకున్నానే. నేనేం మనిషిని?"

పున్నారావు గారు వినలేదని నేను ఊహించుకున్నది ఎంత సులువైన కథో అప్పుడు తెలిసింది. ఆ మనిషికి ఉన్నది తన కళ్ల మీద నమ్మకం ఒక్కటే. ఒక మధ్యాహ్నం మర్యాదగా మాట్లాడి దాన్ని తీసేశాను.

ప్రమాదం మీద విచారణ జరుగుతోంది. శిక్షణలో ఆయన చెప్పింది, నేనన్నది, టీ కొట్టు దగ్గర విన్నది అంతా రాసి అధికారికి ఇస్తాను. మన కంపెనీ పేరు వస్తుందని నీకు భయం, తెలుసు. నన్ను ఆపకు.

నాజియా

* * *

నరసరావుపేట,
సెప్టెంబరు 9

రేవతీ,

నువ్వు ఆపలేదు. ఆపినా ఆగేదాన్ని కాదు. ఆపి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

నా వాంగ్మూలం నాలుగు పేజీలు. అధికారి ఓపిగ్గా చదివాడు. నా మాటల దగ్గర ఆగలేదు. ఒక మనిషికి అతని స్వభావం చెప్పడం ఏ చట్టంలోనూ నేరం కాదట. ఆయన పెన్ను పెట్టి గీత గీసింది ఒక్క వాక్యం కింద: జూన్ నెలలో ఫిట్టర్ పైకెక్కి చూశాడు, ఇనుము చేతికొచ్చింది, ఎవరికీ చెప్పలేదు.

యాజమాన్యానికి అంతకంటే ఏం కావాలి. అంతకుముందు ఆర్నెల్లు నోటితో చెప్పిన వాటికి కాగితం లేదు. శిక్షణలో అన్నది ఫిర్యాదు కిందికి రాదన్నారు. పున్నారావు గారు తనకేమీ గుర్తులేదన్నారు. తెలిసి కూడా చెప్పకపోవడం వల్లే ప్రాణం పోయిందని యల్లమందను సస్పెండ్ చేశారు. కేసులో మొదటి పేరు ఆయనదే. నా మనసు తేలిక చేసుకోవడానికి ఆయన నాతో చెప్పుకున్న మాటను తీసుకెళ్లి అప్పగించాను. చెప్పొచ్చా అని ఆయన్ను అడగాలని కూడా నాకు తోచలేదు. సాంబశివరావు భార్య యల్లమంద ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుని, "తెలిసి ఎట్టా ఎక్కనిచ్చావన్నా" అని అడిగి ఏడ్చి వెళ్లిందట.

మొన్న మేనేజరు నుంచి మెయిల్ వచ్చింది. ప్రమాదం తర్వాత మనుషులు దిగులుగా ఉన్నారట, అక్టోబరులో ఇంకో బ్యాచ్‌కు శిక్షణ కావాలట, నేనే రావాలట. జవాబు నువ్వే ఇవ్వు. నెల్లూరులో ఇవ్వాల్సిన శిక్షణలోంచి కూడా నా పేరు తీసెయ్యి. ఒకరి ఎదుట కూర్చుని మీ స్వభావం ఇదీ అని నేనిక చెప్పలేను.

నిన్న దుర్గి వెళ్లాను. యల్లమంద తమ్ముడిది రాతి బొమ్మలు చెక్కే పని. తమ్ముడు పనిచేసే పందిరి కింద ఒక మూల కూర్చుని యల్లమంద ఏదో రాయి అరగదీస్తున్నాడు. నన్ను చూశాడు. మళ్లీ రాయి వైపు తిరిగాడు. ఆయన భార్య లక్ష్మీకాంతం బయటికొచ్చింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

నేను మాటలు కూడగట్టుకున్నాను. వకీలును మాట్లాడతానన్నాను. మళ్లీ అధికారి దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని ఇంకో కాగితం రాసిస్తానన్నాను. కోర్టులోనైనా చెబుతానన్నాను.

ఆమె అంతా విన్నది. గొంతు పెంచలేదు. నా చెయ్యి పట్టుకుని రోడ్డుదాకా తీసుకొచ్చి, ఆటో ఆపి, నన్ను ఎక్కించి అన్నది:

"ఇంకెక్కడా ఏం చెప్పబాకమ్మా."

నాజియా