పై స్క్రూ, కింది స్క్రూ

జూన్ 3

మళ్లీ ఫెయిల్. విడిగా టెస్ట్ చేస్తే ఎనిమిది బోర్డులూ బంగారంలా పనిచేస్తాయి. ఒకే పెట్టెలో కూర్చోబెడితే ఒకదాని మొహం ఒకటి ఎరగనట్టు ఉంటాయి. ఆస్పత్రి స్కానర్లకి వెళ్లాల్సిన కంప్యూటర్లు పన్నెండు. గడువు పదిహేనో తారీకు. ఒక్కటీ పాసవలేదు.

జూన్ 4

తప్పు బోర్డులది కాదు, బిగించే చేతులది అన్నాడు కొత్త ఇంజినీరు. అందరి ముందూ. ఈ సెక్షన్లో బిగించేది నేనొక్కదాన్నే. వయసు మీద పడింది, ప్యాకింగ్‌కి మారితే హాయిగా కూర్చోవచ్చు కదమ్మా అని సలహా కూడా ఇచ్చాడు. ఇరవై రెండేళ్లు చేశాక హాయిగా కూర్చోవాలట!

ఇంటికొచ్చి అక్కకి చెబితే, ఏడుపాపి కారణమేంటో చూడు అంది. ఓదార్చడం అక్కకి మొదట్నుంచీ చేతకాదు.

జూన్ 6

నా మట్టుకు నేను మొదట్నుంచీ రాసుకుంటున్నా. పెట్టె లోపల, వెనక గోడలా ఒక పెద్ద బోర్డు. బ్యాక్‌ప్లేన్ అంటాం. దాని మీద ఎనిమిది స్లాట్లు. మిగతా బోర్డుల్ని ముందునుంచి పట్టాల మీద తోస్తే, అంచున ఉన్న కనెక్టర్ వెళ్లి స్లాట్లో కూర్చుంటుంది. ఒక్కోదానికి తొంభై ఆరు పిన్నులు. బోర్డుల మధ్య ఒక్క వైరు ఉండదు. ఏది ఏం చెప్పాలన్నా వెనక బోర్డు ద్వారానే. ఒక్క పిన్ను అందకపోతే మాట అక్కడే ఆగిపోతుంది. చివర్న ముందువైపు పైన ఒక స్క్రూ, కింద ఒక స్క్రూ. అంతే కదా. ఇందులో నేనేం తప్పు చేస్తున్నా?

జూన్ 7

ఆదివారం. ఏమీ తోచలేదు.

జూన్ 9, మధ్యాహ్నం

పాస్! ఏడో పెట్టెలో అన్నీ ఊడదీసి మళ్లీ బిగించాను, పాసయింది. లక్ అన్నాడు ఇంజినీరు. నాకు లక్ మీద నమ్మకం లేదు. తేడా ఒక్కటే. కరెంట్ స్క్రూడ్రైవర్‌కి ఛార్జింగ్ అయిపోతే పాత చేతి స్క్రూడ్రైవర్ వాడాను.

సాయంత్రం 5

దొరికింది!! చేత్తో అయితే పైన రెండు తిప్పులు, కింద రెండు తిప్పులు, మళ్లీ పైన. ఎవరూ నేర్పలేదు, చేతికి అలవాటు. పోయిన నెల వచ్చిన కరెంట్‌దేమో పై స్క్రూని ఒక్క ఊపులో చివరిదాకా బిగించేస్తుంది. బోర్డు వంకరగా బిగుసుకుపోయి, కింది పిన్నులు వెంట్రుకవాసి బయటే ఉండిపోతాయి. టార్చి వేసి చూశాను. ఉన్నాయి.

జూన్ 10

ఇంజినీరుకి చెప్పాను. ఆ కరెంట్ స్క్రూడ్రైవర్ తెప్పించింది ఆయనే. మొహం గంటు పెట్టుకున్నాడు. మూడు పెట్టెలివ్వండి, ఫెయిలైతే ప్యాకింగ్‌కి నా కాళ్లతో నేనే వెళ్తానన్నాను. నోరు జారానేమో. సూపర్‌వైజరు మాత్రం ఇవ్వమన్నాడు.

జూన్ 11

మూడూ పాస్.

జూన్ 13

పన్నెండుకి పన్నెండు! పచ్చలైట్లు వరసగా వెలుగుతుంటే నవ్వాపుకోలేకపోయాను. ఇంజినీరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. పొరపాటు నాదేనమ్మా అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా బాబూ అన్నాను. పాపం, లేచి నిలబడి గట్టిగానే చెప్పాడు. టెస్టింగ్ వాళ్లు బల్లలు చరిచారు. తర్వాత పాత స్క్రూడ్రైవర్ చేతికిచ్చి ఆయనకీ నేర్పాను. మూడోసారికి వచ్చింది. పనిమంతుడే.

జూన్ 16

గోడకి కొత్త కాగితం అంటించారు, బోర్డులు ఎలా బిగించాలో. నాలుగో లైను నాది: పైన రెండు తిప్పులు, కింద రెండు తిప్పులు, మళ్లీ పైన. దాని ముందు నిలబడి ఐదుసార్లు చదివాను. ఆరోసారి పైకే చదివాను.