పంప్‌హౌస్ పుస్తకంలో జూలై నెల

ఫిబ్రవరి 6

ఇవాళ నా దరఖాస్తు నేనే టైపు చేసుకున్నాను.

మునిసిపల్ ఆఫీసుకి ఎదురుగా ఈ జిరాక్స్ షాపు పెట్టి తొమ్మిదేళ్ళయింది. రికార్డుల కాపీలు కావాలని జనం పెట్టుకునే దరఖాస్తుల్లో సగం నా కీబోర్డు మీదుగానే వెళ్తాయి. రోడ్డు టెండర్లు, ఇంటి ప్లాన్లు, డ్రైనేజీ కొలతలు. పక్కింటివాడి కుక్కకి లైసెన్సు ఉందో లేదో ఒకాయన అడిగాడు. అన్నీ నవ్వుకుంటూ కొట్టినదాన్ని, నాది కొట్టేటప్పుడు మాత్రం నాలుగుసార్లు తప్పులు పడ్డాయి.

అడిగింది ఒక్కటే. రెండో నంబరు పంప్‌హౌస్ లాగ్ బుక్, పోయిన జూలై నెల కాపీ.

నాన్న ఆ పంప్‌హౌస్‌లో ఇరవై ఏడేళ్ళు ఆపరేటరు. పోయిన జూలైలో కుళాయి నీళ్ళు తాగి మా నాలుగు వీధుల్లో ముప్పై తొమ్మిది మంది ఆసుపత్రి పాలయ్యారు. ఇరవై ఐదో తారీఖున నాన్నని సస్పెండ్ చేశారు. ఇరవై ఆరున మా వీధి టైలరమ్మ కూతురు చనిపోయింది. ఆరేళ్ళ పిల్ల. తర్వాత రెండంటే రెండు రోజులు ఎంక్వైరీ నడిపి, ఆపరేటరు జూలై ఇరవై మూడున నీళ్ళలో బ్లీచింగ్ కలపలేదని తేల్చేశారు. డిసెంబరులో ఉద్యోగం ఊడింది.

బ్లీచింగ్ కలిపితే లాగ్ బుక్‌లో టైము వేసి రాయాలి. ఎంక్వైరీ రిపోర్టు మొత్తం చదివాను, ఆ పుస్తకం ఊసే లేదు. ఆ ఒక్క పేజీ దొరికితే చాలు నాకు. నాన్న వీధిలో తలెత్తుకుని నడవాలి. ఇంకేం అక్కర్లేదు.

ఫిబ్రవరి 7

దరఖాస్తు సంగతి నాన్నకి చెప్పాను. వదిలెయ్యమ్మా అన్నాడు. ఎందుకు వదలాలని అడిగితే, వదిలెయ్యమ్మా అని మళ్ళీ అదే. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. ఎంక్వైరీలో కూడా పెదవి విప్పలేదట. ఇలాంటివాళ్ళు ఉండబట్టే ఆఫీసులో అలాంటివాళ్ళు బతుకుతున్నారు. ఆ మాట మొహం మీదే అనేశాను. పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మార్చి 9

జవాబొచ్చింది. "కోరిన సమాచారము నిర్దిష్టముగా లేనందున దరఖాస్తు తిరస్కరించడమైనది."

రిజిస్టరు నంబరు వెయ్యలేదట. పంప్‌హౌస్‌కి ఉన్నదే ఒక్క పుస్తకం, దానికి నంబరొకటి. కానీ తప్పు నాదే. నంబరు వెయ్యండి, పేజీ వెయ్యండి, వాళ్ళకి తప్పించుకునే సందివ్వకండి అని వచ్చినవాళ్ళందరికీ పాఠాలు చెప్పేదాన్ని నేనే. "క్లోరిన్ వగైరా వివరాలు" లాంటి ముక్క ఒక్కటి రాస్తే చాలు, చెత్తబుట్టకి పోతుందని నాకు తెలియదా. సిగ్గేసింది.

మార్చి 10

కంప్యూటర్లో పాత దరఖాస్తులన్నీ తిరగేసి నంబరు పట్టుకున్నాను. రిజిస్టరు 114. మళ్ళీ పెట్టాను.

ఏప్రిల్ 12

రిజిస్టరు 114 బైండింగుకి పంపారట. ఎప్పుడొస్తుందో తెలియదట. ఆఫీసులో చిరగని కాగితం నేనింతవరకూ చూడలేదు, వీళ్ళకి బైండింగొకటి.

మధ్యాహ్నం రికార్డు రూము గుమాస్తా ఏవో జిరాక్సులకి వచ్చాడు. భుజానికి ఎప్పుడూ సంచి వేలాడుతుంటుంది కాబట్టి నేను సంచిబాబు అంటాను, ఆయన ముందు కాదులే. కాపీలు తీసుకున్నా కదలకుండా నిలబడ్డాడు. ఆ పుస్తకం ఎందుకమ్మా నీకు, మీ నాన్న మంచివాడు, ఆయన మంచి కోరే చెప్తున్నాను అన్నాడు. బెదిరిస్తున్నారా అని అడిగాను. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. బెదిరింపు కాకపోతే మరేంటి.

అప్పీలుకి వెళ్తాను.

మే 2

టైలరమ్మ రోడ్డుకి అవతల పక్క నుంచి వెళ్ళింది. మా షాపు దగ్గరికి వచ్చేసరికి రోజూ రోడ్డు దాటుతుంది. పదేళ్ళు నా బట్టలన్నీ ఆవిడే కుట్టింది. అక్కా అని పిలిచేదాన్ని. పిల్ల పోయినప్పుడు నేను వాళ్ళింటి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. లోపలికి వెళ్ళే ధైర్యం చాలలేదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

ఆ పేజీ చేతికొస్తే మొదట ఆవిడకే చూపిస్తాను. చూడక్కా, మా నాన్న కాదు, అని.

జూన్ 21

అప్పీలు హియరింగ్. పంప్‌హౌసులు చూసే మునిసిపల్ ఇంజినీరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. పుస్తకం పోయిందట. నిన్నటిదాకా బైండింగు, ఇవాళ పోవడం. పోయింది కాబట్టి ఇవ్వలేమని లెటరు కూడా తెచ్చాడు.

రికార్డు పోతే పోలీసు కంప్లయింట్ ఉండాలి కదా, ఆ కంప్లయింట్ కాపీ ఇప్పించండి అన్నాను. పెట్టలేదన్నాడు. పెట్టకపోతే పుస్తకం ఎవరి చేతిలో పోయిందో వాళ్ళ మీదే పెట్టాలి, ఆ పేరు రాసివ్వండి అన్నాను. ఇంజినీరు ఆ లెటరు మళ్ళీ ఫైల్లో పెట్టేసుకున్నాడు. తొమ్మిదేళ్ళ నుంచి మందికి చెప్తున్న చిట్కా ఇది, నాకు పనికొస్తుందనుకోలేదు.

అప్పీలు ఆఫీసరు పదిహేను రోజులు గడువిచ్చాడు. బయటికొస్తుంటే ఇంజినీరు నా వంక చూసిన చూపుకి భయం వెయ్యాలి. నవ్వొచ్చింది.

జూలై 3

పుస్తకం దొరికిందట. బీరువా వెనకాల. ఎలక లాక్కెళ్ళిందేమో పాపం.

జూలై 14, సాయంత్రం 4

వచ్చాయి. ప్రతి పేజీ మీదా ఆఫీసు ముద్ర. సంచిబాబే తెచ్చిచ్చాడు. కవరు బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా, జాగ్రత్తమ్మా అన్నాడు.

సగం షట్టరు దించి చదివాను. నాన్న రాత గుండ్రంగా, అచ్చు వేసినట్టు ఉంటుంది. "23. ఉ. 6.10. బ్లీచింగ్ కలపబడినది. నీరు బాగున్నది. ఫిర్యాదులు లేవు." కింద ఆయన సంతకం. పక్కన ఆకుపచ్చ ఇంకుతో ఇంజినీరు సంతకం. ఏడుపొచ్చేసింది. షాపులో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

తర్వాత పేజీ తిప్పాను.

24. బ్లీచింగ్ కలపబడినది. ఫిర్యాదులు లేవు. ఆ రోజు ఆసుపత్రిలో పడుకోబెట్టడానికి మంచాలు చాలలేదు.

25. కలపబడినది. ఫిర్యాదులు లేవు. ఆ ఉదయం ఐదున్నరకే నాన్న చేతిలోంచి పంప్‌హౌస్ తాళాలు లాక్కున్నారు.

26. కలపబడినది. 27. కలపబడినది. 31 దాకా అంతే. రోజూ ఆరూ పది. నాన్న రాత, నాన్న సంతకం, పక్కన ఆకుపచ్చ సంతకం. ఇంట్లో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి, నా కళ్ళెదుట పడుకున్న మనిషి, అక్కడ రోజూ బ్లీచింగ్ కలుపుతున్నాడు.

మళ్ళీ ఒకటో తారీఖు నుంచి చూశాను. ముప్పై ఒక్క వరసలూ ఒకే పెన్ను, ఒకే ఒత్తు. ఒకేసారి కూర్చుని రాసినవి. ఈ ముక్క కోసమా నేను ఐదు నెలలు కొండ తవ్వింది. ఎలకైనా నయం.

జూలై 14, సాయంత్రం 7

నాన్న ముందు కాగితాలు పరిచాను. ఆయన చూడలేదు. అందులో ఏముందో ఆయనకి తెలుసు. వదిలెయ్యమ్మా అంటుంటే మంచితనం అనుకున్నాను. ఇంత గుడ్డిదాన్నా నేను.

అడిగితే చెప్పాడు, దాపరికం లేకుండా. ఇంజినీరు సంతకాలకి నెలకి ఒక్కసారే వస్తాడు, ఒకటో తారీఖున. మళ్ళీ రాడు. వచ్చేసరికి ఆ నెలంతా ముందే రాసి ఉండాలి. లేకపోతే పుస్తకం మొహాన కొడతాడు. తనకి పని నేర్పిన పాత ఆపరేటరు మొదటి రోజు నేర్పింది అదే. అన్ని పంప్‌హౌసుల్లోనూ అంతేనట. రాత వేరు, పని వేరు, పని మాత్రం రోజూ చేసేవాణ్ణి అన్నాడు. పుస్తకం బయటపెడితే ఇంజినీరు పేరూ వస్తుంది, అందుకే ఎంక్వైరీలో వాళ్ళు తియ్యలేదు, నేనూ అడగలేదు అన్నాడు.

సరే, ఇరవై మూడున కలిపావా, లేదా. అది చెప్పు అన్నాను.

తన చేతులు చూసుకుంటూ చెప్పాడు.

"గుర్తు లేదమ్మా. కలిపాననే అనుకుంటున్నాను. రోజూ కలిపేవాణ్ణి కదా. ఏదైనా రోజు అనుమానం వస్తే పుస్తకం చూస్తే ఉంటుంది కదా అనుకుంటారెవరైనా. నాకు ఆ దారి కూడా లేదు."

ఏడాదిగా ఆయన మంచం మీద ఆలోచిస్తున్నది అదేనట. ఆ ఒక్క ఉదయం. ఎంత వెతికినా దొరకడం లేదట. మిగతా ఉదయాలన్నీ వచ్చి దాని మీద పడుతున్నాయట.

కలిపానని అబద్ధమైనా చెప్పి ఉంటే బాగుండేది. నమ్మేసేదాన్ని.

జూలై 15

షాపు తెరవలేదు.

జూలై 20

ఇది రాయకూడదు. రాస్తున్నాను.

టైలరమ్మ షాపుకొచ్చింది. రోడ్డు దాటి, నేరుగా. ఇదివరకు నువ్వు అనేది, ఇవాళ మీరు అంది. ఆ రోజు నీళ్ళలో మందు కలిపారో లేదో ఆఫీసులో రాసి ఉంటుందట కదా, దాని కాపీ కావాలి, దరఖాస్తు రాసిపెట్టండి అంది. పిల్ల పోయి ఏడాది కావస్తోంది, ఇంకా ఎవరూ నాకు ఒక్క కాగితం చూపించలేదు అంది. వేరే షాపుకి వెళ్ళలేదేమని అడగలేకపోయాను. ఆవిడే చెప్పింది. వీటిల్లో మీకు చెయ్యి తిరిగిందని అందరూ అంటారట.

ఆవిడ అడిగిన కాగితాలు నా కాళ్ళ దగ్గర బ్యాగులో ఉన్నాయి.

"గత సంవత్సరము నీటిలో క్లోరిన్ వగైరా వివరములు ఇప్పించగలరు." అలా కొట్టాను. నంబరు వెయ్యలేదు, పంప్‌హౌస్ పేరు వెయ్యలేదు, నెల వెయ్యలేదు. ఆవిడ కూడబలుక్కుని చదువుకుని, బాగుందని సంతకం పెట్టింది. థాంక్స్ కూడా చెప్పింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను ఆవిణ్ణి నూతిలోకి తోసి గట్టు మీద కూర్చున్నాను.

ఆగస్టు 19

జవాబు పట్టుకుని టైలరమ్మ వచ్చింది. "నిర్దిష్టముగా లేనందున." ఆవిడకి కోపం లేదు. కాగితం నా ముందు పెట్టి, "మనం ఏం తప్పు రాశామంటారు?" అంది.

మనం అంది.

రేపు సరిచేసిస్తాను, రమ్మన్నాను.

ఇంటికొచ్చి నాన్నకి అంతా చెప్పాను. నీ కోసమే చేశాను నాన్నా అన్నాను. ఏడాదిలో మొదటిసారి ఆయన గొంతు పెరిగింది.

"నా కోసం అబద్ధం రాశావా? ఆ పుస్తకంలో నేను రాసినవి చాలలేదా?"

కాసేపటికి మెల్లగా, ఇచ్చెయ్యమ్మా అన్నాడు. గుర్తు లేదన్న సంగతి కూడా చెప్పెయ్ అన్నాడు. ఆవిడ అడిగితే నేనే వచ్చి చెప్తాను, అడగకపోతే ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి బాధపెట్టను అన్నాడు.

ఆగస్టు 20

ఇచ్చేశాను. దరఖాస్తు కావాలనే అలా రాశానని కూడా చెప్పాను. నాన్న చెప్పమన్నదీ చెప్పాను. ఆవిడ నా వైపు చూడలేదు. నిలబడే ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. ఇరవై మూడు దగ్గర ఆగలేదు. ఇరవై ఆరు దగ్గర ఆగింది. "ఫిర్యాదులు లేవు" అని పైకే చదివింది. రెండుసార్లు.

ఆ ఒక్క పేజీ జిరాక్స్ తియ్యమంది. ఎన్ని కాపీలు అని అడిగాను, అలవాటు చొప్పున.

మన వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయంది.

అరవై నాలుగు. మాది కలిపి. తీసిచ్చాను.