చావింటి గుమ్మంలో సంతకం అడిగిన తప్పు గురించి

సైన్సు విభాగం డీన్ గారి సముఖమునకు, వాద్ జైతూన్ పాతపేటలో ఉండే హద్దా, వయసు డెబ్బై రెండు, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేను చేసిన తప్పుకు నా మనవరాలు రుమైస్సా డాక్టరేటు సీటు రద్దు చేయకుండుట గురించి.

1. నా మనవరాలు ఫిజిక్సు డాక్టరేటు పరీక్ష నెగ్గి, ఉన్న మూడు సీట్లలో ఒకటి సంపాదించినది. గైడు సంతకం పెట్టిన కాగితం ముప్పయ్యో తారీకులోగా ఇవ్వనిచో సీటు పోవునని తమ ఆఫీసువారు తెలిపియున్నారు. ఈరోజు ఇరవై నాలుగు.

2. ప్రొఫెసర్ మఖ్లూఫ్ గారు గైడుగా ఉంటానని మాట ఇచ్చి, పండగ వెళ్ళాక సంతకం పెడతానన్నారు. పండగ వెళ్ళిన నాలుగో రోజున గుండె ఆగి పోయారు. ఆయన చెప్పిన పని, గాజు మీద సన్నటి పొర పూసి ఎండను కరెంటు చేసేది, దాని కోసం పిల్ల వేసవంతా చదివియున్నది.

3. ఆయన పోయిన మూడో రోజున అందరిలాగే గోధుమనూకతో వండిన కుస్కుస్ పళ్ళెం పట్టుకుని ఆ ఇంటికి పోతిని. ఇంట్లో పెడితే ఎక్కడ పోతుందోనన్న భయంతో ఆ కాగితం కూడా వెంట తీసుకుపోతిని. గుమ్మంలో ఆయన తోటి ప్రొఫెసర్ లఖ్దర్ గారు నిలబడి, పరామర్శకని చెయ్యి చాపారు. నేను ఆ చేతిలో కాగితమూ పెన్నూ పెట్టితిని.

"ఇది చావింటి గుమ్మం హాజ్జా, నా ఆఫీసు కాదు," అన్నారు మెల్లగా, పెద్దావిడనని హాజ్జా అనే మర్యాద కూడా తప్పకుండా. అరిచినా బాగుండేది. లోపల ఆడవాళ్ళలో ఒకావిడ, "ఈవిడ ఏడుపు మనిషి కోసం కాదు, కాగితం కోసం" అన్నది. అది పూర్తిగా అబద్ధమూ కాదయ్యా.

4. అది మొదలు లఖ్దర్ గారు పిల్ల కనబడితే తలుపు వేసుకొనుచున్నారు. తక్కిన ఇద్దరు ప్రొఫెసర్లకూ శిష్యుల లెక్క నిండిపోయినది. వారిలో ఒకరు, "మీ నానమ్మనే పంపరాదా, పెన్ను కూడా తెచ్చుకుంటుంది" అన్నారట. పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నాకు కాస్త నిద్ర పట్టేది.

కావున తాము ఒక నెల గడువు ఇప్పించి, తప్పు ముసలిదానిదేనని లఖ్దర్ గారికి చెప్పవలెను. నేను ఈసారి ఆయన ఆఫీసుకే వచ్చి, అందరి ముందూ క్షమాపణ చెప్పుకొందును. నా మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
హద్దా
(వేలిముద్ర కాదయ్యా, సంతకమే. రుమైస్సా నేర్పింది.)

మరొక మాట: ఈ అర్జీ సంగతి పిల్లకు తెలియదు. పొద్దుటినుంచి వేసవంతా చదివిన ఆ పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. అది పక్కగదిలోకి వెళ్ళినప్పుడల్లా నేను ఒక్కొక్కటీ తీసి మళ్ళీ అలమరలో పెడుతున్నాను. ఇంకా ఆరు రోజులుంది కదయ్యా.