మంచినీళ్ల మంత్రిగారి మీద అలక

దుబాయ్,
12 మార్చి 2023

నాన్నగారికి,

ఫోన్‌లో కెబ్బాగారి పేరెత్తగానే మీరు పెట్టేస్తున్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాగితమైతే చివరిదాకా చదువుతారు.

పాపం ఆయన, పశ్చిమ ఆఫ్రికాలో వాళ్ల దేశానికి మూడేళ్లు మంచినీళ్ల మంత్రిగా చేసి, ప్రభుత్వం పడిపోయాక మా కింది ఫ్లాట్‌కి వచ్చారు. మీరేమో రిటైరైన మున్సిపల్ ఇంజనీరు. ఇక్కడున్న మూడు నెలలూ రోజూ ఆయనతో టీ తాగి, చివరి వారంలో "మూడేళ్లలో ఎన్ని ఊళ్లకు కుళాయిలు వేయించారండీ?" అని అడిగారు. ఆయన లేచి వెళ్లిపోయారు. మీరూ ఆయనకు చెప్పకుండానే కాకినాడ వెళ్లిపోయారు.

కిందటి నెల ఆయన మా తలుపు తట్టారు. కొత్త ప్రభుత్వం మళ్లీ మంత్రిగా రమ్మందట.

"మీ నాన్నగారితో చెప్పమ్మా, పదకొండు ఊళ్లు. ఆ లెక్క చెప్పడానికి సిగ్గేసి లేచిపోయాను. ఈసారి కూడా నీళ్ల శాఖే అడిగాను" అన్నారు.

మొన్న వాళ్ల దేశం వెళ్లి మంత్రిగా ప్రమాణం చేశారు. ఇచ్చింది మాత్రం క్రీడల శాఖ. నవ్వకండి. మీ అల్లుడు నవ్వితే కసిరాను, తర్వాత నేనూ నవ్వాననుకోండి.

నిన్న ఆయనే ఫోన్ చేశారు. "ప్రతి బడి ఆటస్థలంలో ముందు కుళాయి, ఆ తర్వాతే గోల్‌పోస్టు. బోర్ల సంగతి ఇంజనీరు గారిని అడగాలి. నాతో మాట్లాడతారా?" అన్నారు, అంత మంత్రిగారూ బెరుగ్గా.

నంబరు కాగితం వెనక రాశాను. ముందు అభినందనలు చెప్పండి. ప్రశ్నలు రెండోసారి ఫోన్ చేసినప్పుడు అడుగుదురుగాని.

మీ అమ్మాయి